విదేశాలకు వెళ్లేటప్పుడు డబ్బు, కార్డులు: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో చాలా ఏళ్లు బ్యాంకు కౌంటరు దగ్గర పనిచేసి రిటైరయ్యాను. మా వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఒకరి కొడుకు డాలస్‌లోనో, ఒకరి కూతురు సింగపూర్‌లోనో ఉంటారు. కాన్పులకు, గృహప్రవేశాలకు, చూసి రావడానికి పెద్దవాళ్లు వెళ్తూనే ఉంటారు. వెళ్లే ముందు చాలామంది మా ఇంటికొచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు. వాళ్లకు చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను. అక్కడికెళ్లాక డబ్బుకు ఇబ్బంది పడినవాళ్లలో ఎక్కువమందిని దొంగలు దోచుకోలేదు. ఇక్కడ ఇంట్లో అరపూట కూర్చుని చేసుకోవాల్సిన పనులు చేసుకోక ఇరుక్కున్నారు.

నోట్ల రూపంలో ఎంత తీసుకెళ్లాలి?

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం చాలా దేశాలకు ఒక ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్ల వరకు నోట్లుగా తీసుకెళ్లొచ్చు. మిగతాది కార్డులో ఉండాలి. మొత్తం మీద ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది గానీ, మామూలు ప్రయాణంలో ఎవరూ దాని దగ్గరికి పోరు.

కొడుకు ఇంట్లో దిగే తల్లిదండ్రులకు 300 నుంచి 500 డాలర్లు చాలు. అందులో కూడా అన్నీ 100 నోట్లే వద్దు. 20, 10, 5 నోట్లు కొన్ని అడిగి తీసుకోండి. దిగగానే ట్యాక్సీకో, కాఫీకో 100 నోటు ఇస్తే చిల్లర లేదంటారు. నోట్లు తీసుకునేటప్పుడు వెలుతురులో పెట్టి చూసుకోండి. చిరుగు ఉన్నా, పెన్నుతో అంకె రాసి ఉన్నా అక్కడే మార్పించుకోండి. ఇండోనేషియా, కంబోడియా లాంటి చోట్ల అలాంటి నోటును వెనక్కి తోసేస్తారు. 2013లో వచ్చిన నీలి పట్టీ ఉన్న 100 డాలర్ల నోటే అడగండి.

మన రూపాయలు 25,000 వరకు వెంట ఉంచుకోవచ్చు. తిరిగొచ్చి చెన్నైలో దిగాక కారుకు, టిఫిన్‌కు కావాలి కదా.

ఎక్కువ నోట్లు తీసుకెళ్లేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోండి. అమెరికాలో కుటుంబం అంతా కలిపి 10,000 డాలర్లు దాటితే కస్టమ్స్ వాళ్లకు చెప్పి ఫారం నింపాలి. డబ్బు ఉండటం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు.

డాలర్లు ఇక్కడ కొనాలా, చెన్నై ఎయిర్‌పోర్టులోనా?

ఇక్కడే కొనండి. రేణిగుంట నుంచి ఎక్కినా, కారులో పుత్తూరు మీదుగా చెన్నై పోయినా, పలమనేరు, కోలారు దాటి బెంగళూరు పోయినా, ఎయిర్‌పోర్టు లోపలి కౌంటరులో రేటు మామూలుగా మనకు నష్టంగానే ఉంటుంది. చేతిలో సామాను, పక్కన మనవడు, మైకులో పిలుపు. ఆ హడావిడిలో రేటు అడగాలన్న ఆలోచన కూడా రాదు.

ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి కొనుక్కోవచ్చు. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు తీసుకెళ్లండి. 50,000 రూపాయల లోపైతే నగదు ఇవ్వొచ్చు, ఆపైన అకౌంటు నుంచే కట్టాలి. రెండు మూడు చోట్ల ఫోన్ చేసి "నేను కొంటే ఎంత, చార్జీలన్నీ కలిపి చేతికి ఎంత పడుతుంది" అని అడగండి. ఒట్టి రేటు మాత్రమే అడిగితే చార్జీలు తర్వాత బయటపడతాయి.

"తెలిసినాయన దగ్గర డాలర్లున్నాయి, ఒక రూపాయి తక్కువకే ఇస్తాడు" అనే మాట మా దగ్గర చాలా వింటుంటాం. దయచేసి వద్దు. అది చట్టవిరుద్ధం. నోటు దొంగదైతే అక్కడ పోలీసుల ముందు నిలబడేది మీరే. లైసెన్సు ఉన్నచోట కొని రసీదు దాచుకోండి.

మా ఏటీఎం కార్డు అక్కడ పనిచేస్తుందా?

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఏమిటంటే, కొత్తగా ఇచ్చే కార్డు ఇండియాలో ఏటీఎంలకు, షాపు మెషిన్లకు మాత్రమే పనిచేస్తుంది. విదేశీ వాడకం కావాలంటే మీరే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డుల భాగంలోకి వెళ్తే "ఇంటర్నేషనల్" అని స్విచ్ ఉంటుంది. ఏటీఎం, షాపు, ఆన్‌లైన్, ట్యాప్ (పిన్ కొట్టకుండా కార్డును మెషిన్‌కు తాకించి కట్టడం) అని నాలుగింటికి వేర్వేరుగా ఆన్, ఆఫ్, రోజు పరిమితి పెట్టుకోవచ్చు. నేనైతే షాపుకు, ఏటీఎంకు ఆన్ చేసి, ఆన్‌లైన్ ఆఫ్‌లో ఉంచమంటాను. విదేశీ వెబ్‌సైట్లు చాలావాటిలో ఓటీపీ అడగకుండానే డబ్బు కట్ అయిపోతుంది, కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉన్న మూడంకెలు తెలిస్తే చాలు.

కార్డు మీద రూపే అని ఉంటే ఇంకొంచెం జాగ్రత్త. రూపేలో ఇండియా వరకే పనిచేసేవీ ఉన్నాయి, బయట పనిచేసేవీ ఉన్నాయి. బయట పనిచేసేది డిస్కవర్, డైనర్స్ క్లబ్ లాంటి సంస్థల నెట్‌వర్కు మీద నడుస్తుంది. మీది ఏదో బ్రాంచిలో అడిగి తెలుసుకోండి. పెన్షన్ అకౌంటుకు వచ్చిన పాత రూపే కార్డు ఒక్కటే పట్టుకుని విమానం ఎక్కకండి.

కార్డులు ఎన్ని ఉండాలి?

కనీసం రెండు. అవి రెండూ ఒకే అకౌంటువి కాకూడదు. భార్యాభర్తలు జాయింట్ అకౌంటు మీద చెరో కార్డు తీసుకుని రెండు కార్డులు ఉన్నాయనుకుంటారు. అకౌంటు ఆగితే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. ఒకటి ఆయన పేరున ఒక బ్యాంకుది, ఒకటి ఆమె పేరున ఇంకో బ్యాంకుది ఉంటే నిశ్చింత. ఒకటి పర్సులో, ఇంకొకటి చేతి సంచి లోపలి జేబులో పెట్టుకోండి. మా అమ్మ కాలంలో డబ్బు కొంగున ముడేసుకునేవారు, రొంటిన దోపుకునేవారు. అదే పద్ధతి ఇప్పటికీ మంచిదే. విమానంలో కిందికి వేసే సామానులో మాత్రం డబ్బు, కార్డు ఏదీ పెట్టొద్దు.

ఇండియా సిమ్ తీసుకెళ్లాలా? అక్కడ కొత్త నంబరు తీసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే ఇందులో నేనే దెబ్బతిన్నాను.

మా అమ్మాయి కాన్పుకని ఆరు నెలలకు అమెరికా వెళ్లాం. నా సిమ్‌కు 84 రోజుల ప్యాక్ వేసుకుని బయల్దేరాను. మూడో నెల దాటాక ఒక రోజు మా ఆవిడకు బీపీ మందులు ఆన్‌లైన్‌లో కట్టి తెప్పించాల్సి వచ్చింది. కార్డు వివరాలు కొట్టాను, ఓటీపీ అడిగింది. ఓటీపీ రాదు. ఫోన్ తీసి చూస్తే పైన సిగ్నల్ గీతల చోట "సేవ లేదు" అని ఉంది. ప్యాక్ అయిపోయి కొన్ని రోజులైంది. సరే రీచార్జ్ చేద్దామని యాప్ తెరిచాను. కార్డుతో కడదామంటే ఓటీపీ ఆ చచ్చిపోయిన నంబరుకే వెళ్లాలి. నెట్ బ్యాంకింగ్‌కీ అదే నంబరు. తలుపుకు తాళం వేసి తాళం చెవి లోపలే వదిలేసినట్టైంది. చివరికి తిరుపతిలో మా పక్కింటి అబ్బాయికి ఫోన్ చేస్తే అతను దుకాణానికి వెళ్లి రీచార్జ్ వేయించాడు. అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ పగలు. నంబరు లేవడానికి ఇంకో రోజు పట్టింది. ఆ రెండు రోజులు చేతిలో డబ్బున్నా పరాయివాళ్లలా కూర్చున్నాం.

అందుకే వెళ్లే ముందు ఈ పనులు చేయండి. ఇంటికి తిరిగొచ్చే తేదీకి ఒక నెల అదనంగా ఉండేలా సిమ్ వ్యాలిడిటీ వేయించండి. 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరును కంపెనీ రద్దు చేయొచ్చు. ఆ తర్వాత అది ఇంకొకరికి పోతుంది, మీ బ్యాంకు మెసేజ్‌లు ఎవరి ఫోన్‌లోనో మోగుతాయి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఇండియాలో ఉండగానే ఆన్ చేయించండి. రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌కు మామూలుగా డబ్బులు పడవు, కాల్ ఎత్తితే పడతాయి. కాబట్టి డేటా ఆఫ్ చేసి, కాల్స్ ఎత్తకుండా, ఓటీపీల కోసం మాత్రమే ఆ సిమ్‌ను ఫోన్‌లో ఉంచండి. అక్కడి నంబరు రెండో సిమ్‌గానో, ఈసిమ్‌గానో (చిప్పు పెట్టకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్) వేసుకోండి. బ్యాంకులో ఈమెయిల్ కూడా రిజిస్టర్ చేయించండి, కొన్ని బ్యాంకులు ఓటీపీ మెయిల్‌కూ పంపుతాయి. ఇక్కడ ఊళ్లో ఉండే నమ్మకస్తుడికి, తమ్ముడో, మేనల్లుడో, మీ సిమ్ ఎప్పుడు అయిపోతుందో తేదీ రాసి ఇవ్వండి. పిన్ నంబర్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఫారెక్స్ కార్డు మంచిదా, క్రెడిట్ కార్డా?

మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులు చాలావాటికి విదేశీ కొనుగోలు మీద 3.5 శాతం వరకు మార్కప్, అంటే కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు చార్జీ, ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 10,000 రూపాయల కొనుగోలుకు 350 మార్కప్, 63 జీఎస్టీ, మొత్తం 413 రూపాయలు అదనం. ఫారెక్స్ కార్డులో ముందే డాలర్లు నింపుకుంటాం కాబట్టి, అదే కరెన్సీలో ఖర్చుపెడితే ఈ బాదుడు ఉండదు. పైగా రేటు నింపిన రోజుదే, మధ్యలో రూపాయి పడిపోయినా మనకు తేడా రాదు. డాలర్లు నింపిన కార్డుతో సింగపూర్‌లో కొంటే మాత్రం మళ్లీ మార్పిడి చార్జీ పడుతుంది.

పదిహేను రోజుల టూర్‌కు ఫారెక్స్ కార్డు ఒకటి, వెనకాల ఆదుకోవడానికి క్రెడిట్ కార్డు ఒకటి. నా సలహా అది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం తీయకండి. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు.

షాపు మెషిన్ "రూపాయల్లో కడతారా?" అని అడుగుతోంది. ఏం నొక్కాలి?

అక్కడి కరెన్సీనే నొక్కండి. సింగపూర్‌లో ఉంటే సింగపూర్ డాలర్లు, దుబాయ్‌లో ఉంటే దిర్హాములు. మెషిన్ మీద రూపాయల అంకె కనిపిస్తే మన కంటికి హాయిగా ఉంటుంది, ఎంతో తెలుస్తుంది కదా అనిపిస్తుంది. ఆ మార్పిడి చేసేది మన బ్యాంకు కాదు, అక్కడి కంపెనీ, వాళ్ల సొంత రేటుకు. ఆ రేటులో వాళ్ల లాభం కలిసే ఉంటుంది. కొన్ని ఇండియన్ బ్యాంకులు దాని మీద ఇంకో చార్జీ కూడా వేస్తాయి. షాపతను మిమ్మల్ని అడగకుండానే రూపాయలు నొక్కేస్తాడు ఒక్కోసారి. రసీదు మీద రూపాయలు కనిపిస్తే సంతకం పెట్టకుండా, రద్దు చేసి మళ్లీ వేయమనండి. మొహమాటపడాల్సిన పనిలేదు.

ఏటీఎంలో కూడా ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడ కూడా మార్పిడి వద్దు అనే నొక్కాలి.

ఏటీఎంలో ఇంకేం చూసుకోవాలి?

బ్యాంకు లోపల ఉన్న ఏటీఎం వాడండి, రోడ్డు పక్కన, దుకాణంలో ఒంటరిగా నిలబెట్టినవి వద్దు. కార్డు పెట్టే చోటు పట్టుకుని కొంచెం కదిపి చూడండి. వదులుగా ఊగితే దాని మీద దొంగ పరికరం అంటించి ఉండొచ్చు. పిన్ కొట్టేటప్పుడు రెండో చెయ్యి పైన అడ్డం పెట్టండి. చిన్న చిన్న మొత్తాలు పదిసార్లు తీసేకంటే కావాల్సింది ఒకేసారి తీస్తే ఫీజు తగ్గుతుంది.

హోటల్‌లో, పెట్రోల్ బంకులో ఎక్కువ కట్ అయిందే?

కట్ కాలేదు, ఆగింది. హోటల్ వాళ్లు గదికి, బంకు వాళ్లు పెట్రోలుకు పూచీగా కొంత మొత్తం పట్టి ఉంచుతారు, వదలడానికి కొన్ని రోజులు పడుతుంది. డెబిట్ కార్డు ఇస్తే మీ సొంత డబ్బే చిక్కుకుంటుంది, కాబట్టి అక్కడ క్రెడిట్ కార్డు ఇవ్వండి. అమెరికాలో బంకు మెషిన్ జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) అడుగుతుంది, మన కార్డుకు అది ఉండదు. లోపలికి వెళ్లి కౌంటరులో కట్టేయండి.

అక్కడి రెస్టారెంట్‌లో ఇంకో తికమక ఉంది. ముందు బిల్లు మొత్తానికి మెసేజ్ వస్తుంది. మీరు కాగితం మీద టిప్ రాసి సంతకం పెట్టాక, తర్వాత స్టేట్‌మెంట్‌లో పెద్ద మొత్తం కనిపిస్తుంది. మోసం కాదు అది. మీరు రాసిన టిప్ కలిసిందా, అంతకంటే ఎక్కువ కలిసిందా చూసుకోవడానికి రసీదు ఫోటో తీసి ఉంచుకోండి.

మన యూపీఐ అక్కడ పనిచేయదా?

కొన్ని దేశాల్లో పనిచేస్తుంది. భూటాన్‌లో 2021లో మొదలైంది. 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లలో వచ్చింది, ప్యారిస్‌లో ఈఫిల్ టవర్ టికెట్లకూ వచ్చింది. యుఏఈ, సింగపూర్, నేపాల్‌లలో కూడా కొన్ని చోట్ల నడుస్తుంది. యాప్‌లో అంతర్జాతీయ యూపీఐ అని విడిగా ఆన్ చేయాలి. దాన్నే నమ్ముకుని వెళ్లేంతగా ఇంకా పెరగలేదు.

కువైట్‌కు పనికి వెళ్తున్నాను. నాకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

మన వైపు నుంచి చాలామంది అక్కాచెల్లెళ్లు, తమ్ముళ్లు కువైట్ పోతారు కాబట్టి చెబుతున్నాను. ముందు డబ్బు చదవడం నేర్చుకోండి. దినారుకు 1,000 ఫిల్సులు. బిల్లు మీద 1.250 అని ఉంటే పన్నెండు వందల యాభై కాదు, ఒక దినారు, పావు. అక్కడి పెద్ద నోటు 20 దినార్లు, మన డబ్బులో 5,000 దాటుతుంది. 10 రూపాయల నోటు ఇచ్చినట్టు ఇచ్చేయకండి.

జీతం పడే బ్యాంకు కార్డు, పిన్ మీ దగ్గరే ఉండాలి. ఏజెంటుకు గానీ, తెలిసినవాళ్లకు గానీ ఇవ్వొద్దు. ఇంటికి పంపేటప్పుడు లైసెన్సు ఉన్న ఎక్స్‌ఛేంజి నుంచే పంపి, ప్రతి రసీదు ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు వాట్సాప్ చేయండి. చేతి మీదుగా పంపిన డబ్బు పోతే అడగడానికి ఒక కాగితం కూడా ఉండదు.

కార్డు పోయింది. మొదట ఏం చేయాలి?

యాప్ తెరిచి కార్డు బ్లాక్ చేయండి. వెతుకుదాంలే అని ఆగకండి, తాత్కాలికంగా ఆపే వీలు కూడా ఉంటుంది, దొరికితే మళ్లీ తెరుచుకోవచ్చు. ట్యాప్ చేసే కార్డైతే చిన్న మొత్తాలకు పిన్ కూడా అడగదు, దొరికినవాడు కాఫీ దగ్గర మొదలుపెడతాడు.

యాప్ పనిచేయకపోతే ఫోన్. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ల దగ్గరున్నది 1800తో మొదలయ్యే నంబరు. అది విదేశాల నుంచి మామూలుగా కలవదు. బ్యాంకుకు +91తో మొదలయ్యే నంబరు విడిగా ఉంటుంది. దాన్ని ఇప్పుడే వెతికి ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టుకోండి. ఫోన్‌లో మాత్రమే దాచుకుంటే ఫోన్, పర్సు ఒకేసారి పోయిన రోజు ఏం చేస్తారు?

మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా మూడోవాడు డబ్బు కొట్టేస్తే, రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నిబంధన మీకు రక్ష. మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే నష్టం మీది కాదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత మీ మీద పడుతుంది. ఓటీపీనో, పిన్‌నో మీరే చెప్పి ఉంటే మాత్రం, మీరు ఫిర్యాదు చేసేవరకు పోయిందంతా మీదే. ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోండి. అక్కడి పోలీసుల దగ్గర కాగితం కూడా తీసుకుంటే తర్వాత బ్యాంకుతో మాట్లాడటం తేలిక.

"మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు పంపండి" అని ఫోన్ వచ్చింది.

ఫోన్ పెట్టేయండి. మీ అబ్బాయికి మీరే, మీ దగ్గరున్న నంబరుకే ఫోన్ చేయండి. ఎత్తకపోతే అతని రూమ్‌మేట్‌కు చేయండి. ఆ నంబరు కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి. దొంగలు రాయబార కార్యాలయం నంబరే కనిపించేలా చేసి కూడా మాట్లాడుతున్నారు. ఏ ఎంబసీ అయినా ఫోన్‌లో డబ్బు అడగదు. ఇంట్లో అందరికీ తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి, ఊళ్లో మీ పాత ఆవు పేరో, ముద్దు పేరో. అది చెప్పలేనివాడికి పైసా పంపొద్దు. అప్పటికే పంపేసి ఉంటే ఇండియాలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఆ గంటలోనే ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే అంత ఎక్కువ ఆపగలుగుతారు.

పన్ను పడుతుందా?

2025 ఏప్రిల్ నుంచి ఒక ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితేనే బయటికి పంపే డబ్బు మీద టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, ఉంటుంది. మామూలు ప్రయాణ ఖర్చుకు ఆ దాటిన మొత్తం మీద 20 శాతం. అది పోయినట్టు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. టూర్ ప్యాకేజీ కొంటే మాత్రం మొదటి రూపాయి నుంచే వేస్తారు, ధర అడిగేటప్పుడు టీసీఎస్ కలిపి చెప్పమనండి.

తిరిగొచ్చాక మిగిలిన డాలర్లు ఏం చేయాలి?

నోట్లు 180 రోజుల్లోపు మార్చేయాలి. 2,000 డాలర్ల వరకు దగ్గరే ఉంచుకోవచ్చు. వచ్చే ఏడు మళ్లీ వెళ్లేవాళ్లైతే ఉంచుకోవడమే మంచిది, అమ్మేటప్పుడు ఒక రేటు, కొనేటప్పుడు ఇంకో రేటు కదా. ఫారెక్స్ కార్డులో మిగిలింది అలాగే వదిలేయకండి, కొన్నింటికి వాడకపోతే చార్జీ పడుతుంది. విదేశీ వాడకం స్విచ్ మళ్లీ ఆఫ్ చేసేయండి, రెండు నెలల స్టేట్‌మెంట్లు వరుసగా చూడండి.

నాణేలను మాత్రం ఇక్కడ ఎవరూ మార్చరు. మా ఇంట్లో అయితే వచ్చిన వారంలోనే కొండకు వెళ్లి, మిగిలిన సెంట్లన్నీ ఒక గుడ్డలో మూటకట్టి శ్రీవారి హుండీలో వేసి వస్తాం. పరకామణిలో విదేశీ నాణేలను విడిగా ఏరి లెక్కపెడతారు.